ఉతకని జంపఖానా

ఓట్లప్పుడు ఎవరైనా మా గడప దగ్గర నిలబడి, ఏ పార్టీ అమ్మా మీది అని అడిగితే నేను ముందు వాళ్ల కాళ్లు చూస్తాను. చెప్పులకు ఏ మట్టి అంటుకుందో చూడకుండా జవాబు చెప్పడం నాకు చేతకాదు. నవ్వేవాళ్లు నవ్వుతారు. నా తమ్ముడైతే, నీకు సిద్ధాంతం లేదక్కా, ఉన్నదల్లా అనుమానమే అనేవాడు. కావచ్చు. కానీ ఆ అనుమానం ఊరికే రాలేదు. దాన్ని నాకు మా అత్త నేర్పింది, ఒక జంపఖానా ఖాయం చేసింది.

మాది కొత్తవాడ. ఇంట్లో అడుగు పెడితే ముందు మగ్గం, దాని వెనక మనుషులు. మా ఆయన నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. మా మామ బతికి ఉన్న రోజుల్లో నేసిన పెద్ద జంపఖానాలు కొన్నింటిని అత్త అమ్మకుండా దాచుకుంది. పెళ్లికీ, చావుకీ, మీటింగుకీ కిరాయికి ఇచ్చేది. ఎమర్జెన్సీ పోయాక అందరి నోళ్లకూ ఒకేసారి తాళాలు తీసినట్టయింది. వరంగల్‌లో ఏ సందులో చూసినా మీటింగే. మైకు ఎవరిదైనా, జెండా ఏ రంగుదైనా, జనం కింద పరిచేది మాత్రం మా కొత్తవాడ గుడ్డే.

తిరిగొచ్చిన జంపఖానాను అత్త వెంటనే నీళ్లలో వేసేది కాదు. ముందు వాకిట్లో పరిచి దాని చుట్టూ తిరిగేది. వంగి వాసన చూసేది, అరచేత్తో రుద్దేది. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇదేం చాదస్తం అనుకున్నాను. "ఉతికినంక ఏం తెలుస్తదే పిల్లా," అన్నది. "మనిషి నోరు సవాలక్ష చెప్తది. కూసున్న జాగ ఒక్కటే చెప్తది."

మెల్లగా నాకూ తెలియడం మొదలైంది. గవర్నమెంటు పార్టీ మీటింగు నుంచి వచ్చిన జంపఖానా నిండా బత్తాయి తొక్కలు, నూనె కాగితాలు ఉండేవి. అంటే జనాన్ని లారీల్లో తెచ్చి తిండి పెట్టారన్నమాట. ఎర్రజెండా వాళ్ల దాంట్లో వరసగా బీడీ కాల్చిన చిల్లులు. ఉపన్యాసం ఎంత పొడుగైతే అంచు దారాలు అంత పీకేసి ఉండేవి. మనిషికి విసుగొస్తే చేతులు ఊరుకోవు కదా. ఆడవాళ్లకు సమాన హక్కులని మైకులో మా ఇంటిదాకా వినిపించిన రోజు కూడా, వచ్చిన జంపఖానాలో ఒక్క మూలన పువ్వు రేకు రాలి ఉండేది కాదు, ఒక్క పసిపిల్ల తడిపిన మరక ఉండేది కాదు. ప్రార్థన కూటాలకు తీసుకుపోయే చర్చి వాళ్లు మాత్రం దులిపి, మడతపెట్టి, మంచి మాటతో తెచ్చిచ్చేవాళ్లు. వాళ్లను అత్త మెచ్చుకునేది, మళ్లీ అనుమానపడేది కూడా. మరీ ఇంత దులిపిండ్లంటే లోపల ఏం రాలిందో అనేది.

అయితే నన్ను అపార్థం చేసుకోవద్దు. ఎర్రజెండా మాటలు నాకు నచ్చేవి. మా అమ్మగారిది పరకాల దగ్గర పల్లె. మా నాయన ఒకరి పొలంలో చాకిరీ చేసి, ఒకరి ముందు చెప్పులు విడిచి నడిచిన మనిషి. కష్టం చేసేవాడు తలెత్తుకోవాలని మైకులో వింటే కండె చుట్టే నా చెయ్యి ఆగిపోయేది. ఆ మాట నాదే అనిపించేది. చెప్పే మనిషి మీదనే నాకు కన్ను.

మా తమ్ముడు పల్లెలో పని దొరక్క మా ఇంటికి వచ్చి మగ్గం నేర్చుకుంటున్నాడు. వాడిది మంచి గొంతు. నేస్తూ నేస్తూ పాటలు కట్టేవాడు. ఆ పాటలు విని వాణ్ని వెతుక్కుంటూ వచ్చాడు నేతకార్మికుల సంఘం పెద్దమనిషి. కళ్లద్దాలు పెట్టుకునేవాడు, మేము అద్దాలాయన అనేవాళ్లం. నేత ఇంట పుట్టినవాడు కాదు, హన్మకొండ వైపు నుంచి వచ్చేవాడు. వస్తే పీట వద్దని కింద కూర్చునేవాడు. నేను పెట్టిన జొన్నరొట్టె కారం నంజుకుని తినేవాడు, చెల్లె అని పిలిచేవాడు. తమ్ముడికి ఆయన మాటంటే వేదం. ఆయనలాగే చొక్కా చేతులు మడిచేవాడు, ఆయనలాగే మాట మధ్యలో ఆగి కిటికీలోకి చూసేవాడు. అది చూసి మా ఆయన, మగ్గం మీద కూడా కిటికీ పెట్టిస్తా ఆగు బామ్మర్దీ అని ఏడిపించేవాడు.

ఆ రోజుల్లో నేతగాళ్ల సొసైటీ గోదాములో మాకివ్వాల్సిన నూలు మాకు అందేది కాదు. వెనక దారిన షావుకార్ల ఇళ్లకు పోతోందని అందరూ అనుకునేవాళ్లు. అద్దాలాయన అదే మాట గట్టిగా అన్నాడు. సంఘం సభ పెట్టి తేల్చుకుందామన్నాడు. సభ మడికొండలో ఒక నేత షెడ్డులో అని చెప్పి మా పెద్ద జంపఖానా తీసుకుపోయారు. ఆ రోజు తమ్ముడు ఇక్కడ లేడు. నాయనకు జ్వరమని కబురొస్తే ఊరికి పోయాడు.

వాడు తిరిగొచ్చేసరికి అద్దాలాయన మా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. సభ తీర్మానం చేసిందన్నాడు. ఊరేగింపుగా గోదాముకు పోవాలి, తాళం పగలగొట్టాలి, నూలు ఎంత ఉందో అందరి ముందూ చూడాలి. మొదటి దెబ్బ ఎవరు వెయ్యాలంటే అందరూ తమ్ముడి పేరే చెప్పారట. వాడి ముఖం చూడాలి అప్పుడు. పెళ్లికొడుకు ముఖానికి కూడా అంత కళ రాదు.

గోదాము తాళం పగలగొడితే అది కేసు. అమ్మ వాణ్ని నా చేతిలో పెట్టి పంపింది. అప్పటికే ఆ వైపు పల్లెల్లో పాట పాడిన పిల్లల్ని పోలీసులు ఎత్తుకుపోతున్నారని వింటున్నాం.

సభకు పోయిన మా పెద్ద జంపఖానా రిక్షాలో తిరిగొచ్చింది. దింపుతుంటేనే అత్త ముఖం మారింది. అది చుట్టి ఉంది, చాపను చుట్టినట్టు. కొత్తవాడలో గానీ మడికొండలో గానీ నేతవాళ్లెవరూ జంపఖానాను చుట్టరు. అంచులు లోపలికి పోయేలా మడతపెడతారు, చుడితే పడుగు సాగి గుడ్డ వంకరపోతుందని చిన్నపిల్లకు కూడా తెలుసు. అంతమంది నేతగాళ్లు కూర్చున్న సభలో దాన్ని చుట్టినవాడెవడు?

వాకిట్లో పరిచాం. నేతవాళ్లు ఎక్కడ కూర్చుని లేచినా నూలు నుసి రాలుతుంది. మా పంచెలకు, మా తలలకు, మా కనుబొమ్మలకు కూడా అదే కదా ఉండేది. గంజి వాసన ఒకటి వదలదు. ఆ జంపఖానా మీద నుసి లేదు, గంజి లేదు. నేత షెడ్డు నేల మట్టినేల, కానీ కింది వైపు తిప్పి చూస్తే మన్నే లేదు. బల్లకాళ్లు నొక్కిన గుంటలు ఉన్నాయి, ఒక చోట సిగరెట్టు బూడిద ఉంది, కూర మరక పక్కన ఎముక ముక్క ఉంది. అన్నిటికంటే మించి అత్తరు వాసన. బండలు పరిచిన నేల, బల్లలు, కుర్చీలు, అత్తరు. అటువంటి షావుకారు ఇళ్లు మాకు తెలియనివి కావు. నేసింది అప్పజెప్పడానికి పోయి, గుమ్మం బయట నిలబడి చూసినవే.

నేను ఉతకబోతే అత్త చెయ్యి పట్టుకుంది. ఉంచు, ఇంకా చూసేవాళ్లున్నారు అన్నది.

తర్వాత అద్దాలాయన వచ్చినప్పుడు చాయ్ ఇచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగాను. సభలో అందరికీ జాగ సరిపోయిందా అన్నా, ఇంకో జంపఖానా పంపాల్సి ఉండెనా అని. ఆయన గ్లాసు కింద పెట్టకుండానే, "ఏం జాగ చెల్లె, ఇసుకేస్తె రాలనంత జనం," అన్నాడు. నేను తల ఊపాను. ఆయన చాయ్ అంతా తాగాడు. ఆ రోజు మాత్రం ఆయన రొట్టె పెట్టమని అడగలేదు, నేనూ పెట్టలేదు.

తమ్ముణ్ని పిలిచి జంపఖానా చూపించాను. వాడు వంగలేదు కూడా.

"దుమ్ము చూసి పార్టీ జాతకం చెప్తానవా అక్కా? అది గుట్టుగ పెట్టిన సభ. ఎక్కడ కుదిరితె అక్కడ పెట్టుకుంటరు."

"గుట్టు సభకు ఇసుకేస్తె రాలనంత మందొచ్చిండ్లా?"

"జర ఎక్కువ చెప్పిండేమో. నాయకులన్నంక చెప్తరు."

"నాయకులన్నంక చెప్తరా? మరి దొరలు అబద్ధమాడితె తప్పని పాటెందుకు కట్టినవు తమ్మీ?"

వాడికి కోపం వచ్చింది. నీకు భయం, భయపడేవాళ్ల వల్లే దేశం ఇట్లా ఉందన్నాడు. దేశం సంగతి నాకు తెలియదు, నాకు తెలిసింది ఈ గుడ్డ అన్నాను. అత్త గోడకు ఆనుకుని వక్క కొరుకుతూ కూర్చుంది. "కొడుకా," అన్నది వాడితో, "పెండ్లిల కూసున్నోడు పెండ్లి వాసన కొడ్తడు, చావుకాడ కూసున్నోడు చావు వాసన కొడ్తడు. నీ కూలోళ్ల సంఘమేందిరా, అత్తరు వాసన కొడ్తాంది?" వాడు మగ్గం గుంటలోకి దిగాడు. ఆ పూట పాట రాలేదు.

పోవద్దని కట్టేస్తే ఆగే వయసు కాదు వాడిది. పైగా నూలు దొంగతనం నిజమే. అడగవలసిన మాట నిజంగా అడగవలసినదే. నన్ను తినేసిన చిక్కు అదే. మంచి మాటను ఎత్తుకుని వచ్చిన మనిషి మంచివాడు కాకపోతే ఏం చెయ్యాలి? మాటను వదిలేస్తే షావుకారు గెలుస్తాడు. మనిషి వెంట పోతే తమ్ముడు పోతాడు. మగ్గం పక్కన కండెలు చుడుతూ దాన్నే చుట్టుకున్నాను. ఊరేగింపు పొద్దున వాడికి సద్ది పెట్టేటప్పటికి నాకు ఒక దారి కనిపించింది.

"పోవద్దని అంటలేను," అన్నాను. "పో. గని ఆయన పక్కన నడువు. ఆయన ముందటుంటె నువ్వు ముందట, ఆయన ఎనకకు పోతె నువ్వూ ఎనకకు. ఆయనకంటె ఒక్క అడుగు గూడ ముందట పెట్టకు."

వాడు మాట ఇవ్వలేదు. తినడం సగంలో ఆపి చెయ్యి కడుక్కుని పోయాడు.

ఆ రోజు జరిగింది వాడే తర్వాత చెప్పాడు. గోదాము సందు మలుపు దాకా అద్దాలాయన అందరికంటే ముందే నడిచాడట. మలుపు రాగానే, నువ్వు ముందుకు పో, నేను వెనక ఉన్నవాళ్లను తోలుకొస్తాను అన్నాడట. తమ్ముడు ఆయనతో పాటే వెనక్కి తిరిగాడు. ఆయన, నీ పాట లేకపోతే గుంపు కదలదు పో అన్నాడట. కలిసే పోదాం అన్నా అని వీడు. సుత్తె వీడి చేతిలోనే ఉంది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ ముఖం చూసినప్పుడే తనకు మొదటిసారి భయం వేసిందని చెప్పాడు తమ్ముడు. అంతలో ముందున్న కుర్రాళ్లు ఆగలేక బండరాయితో తాళం కొట్టేశారు. తలుపు తెరుచుకోవడం, గోదాము గోడ వెనక నుంచి పోలీసులు దిగడం ఒకేసారి జరిగాయి. అద్దాలాయన పక్క సందులోకి నడిచి ఎవరిదో స్కూటరు వెనక ఎక్కి పోయాడు.

ముందున్న కుర్రాళ్లను ఠాణాకు తీసుకుపోయారు. తలుపు తెరిచేసరికే గోదాము సగం ఖాళీగా ఉందని వాళ్లు మొత్తుకున్నారు. ఎవరు వింటారు? లేని నూలంతా ఊరేగింపు వాళ్లే దోచుకుపోయారని కేసు రాశారు. సొసైటీ చేతులు కడుక్కుంది.

మా తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. బతికాడు అనుకున్నాను. బతకడం ఒక్కటే చాలదని నాకు అప్పుడు తెలియదు.

గల్లీ అంతా వాణ్ని చూసే చూపు మారింది. సుత్తె పట్టుకున్నవాడు తాళం దగ్గర ఎందుకు లేడు? అందరూ దొరికితే వీడొక్కడు ఎట్లా జారాడు? పోలీసులకు ముందే చెప్పింది వీడేనేమో. నేను బావి దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి, బిందెలు జరిగేవి. అద్దాలాయన మనిషి రాలేదు గానీ మాట వచ్చింది. పిలగాడు చివర్లో పిరికిపడ్డాడని, తనకు ముందే సందేహం ఉండెనని. నా అనుమానం వాడి ప్రాణం కాపాడితే, అదే అనుమానం ఊళ్లో వాళ్ల నోట పడి వాడి పేరును తింటోంది. వాడు మగ్గం మీద కూర్చుని, నాడె విసరకుండా, పడుగు వైపు చూస్తూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం పెట్టబోతే తలెత్తి, "నన్ను బతికిచ్చినవా అక్కా, చంపినవా?" అన్నాడు.

ఠాణాలో ఉన్న కుర్రాళ్లలో ఒకడి తల్లి మా ఎదురింటామె. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా రోజులు మాలాగే నూలు సాపు చేస్తుంది. వదినె అని పిలుచుకునేవాళ్లం. ఆమె మా మీదికి కొట్లాటకు వచ్చింది. నా కొడుకు లోపల, నీ తమ్ముడు బయట, ఇదేం న్యాయమని వాకిట్లో నిలబడి అడిగింది. వెనక ఇంకొందరు తల్లులు. అత్త లేచి లోపలి నుంచి ఆ జంపఖానా తెచ్చి నాతో పరిపించింది.

"కొట్లాడుదువు గని బిడ్డా," అన్నది, "ముందుగాల కూసో."

వదినె కూర్చోబోయి ఆగింది. ఆమె కూడా నేతింటి మనిషే కదా. వంగి అరచేత్తో రుద్దింది, చెయ్యి తిప్పి చూసుకుంది. నుసి అంటలేదు. వాసన చూసింది. అంచు ఎత్తి కింది వైపు చూసింది. ఇదెక్కడ పరిచినది అని అడిగింది. మడికొండ షెడ్డులో సంఘం సభకు అని ఆయన చెప్పిన మాటే చెప్పాను, నా మాట ఒక్కటి కలపలేదు. మిగతా తల్లులు ఒక్కొక్కరే వంగారు. ఒకామె బల్లకాలు గుంటలో వేలు పెట్టి చూసింది. ఎవరూ దాని మీద కూర్చోలేదు. చివరికి వదినె నడుము నిటారు చేసి, "మనోళ్లు కూసున్నది కాదిది," అన్నది. పోయేటప్పుడు ఆమె తమ్ముడి వైపు చూడలేదు, కానీ తిట్టకుండా పోయింది.

అంతటితో అంతా తేలిపోయిందని చెబితే అబద్ధం. ఆడవాళ్లు ఇళ్లకు పోయి చెప్పారు, మగవాళ్లు సగం నమ్మారు, సగం నవ్వారు. అద్దాలాయన షావుకారుతో కూర్చున్నాడని నేను కళ్లతో చూడలేదు. ఇప్పటికీ ప్రమాణం చెయ్యమంటే చెయ్యను. ఆయన మా గల్లీకి రావడం మానేశాడు, అంతే. ఆ తర్వాత కొత్త పార్టీ పుట్టి ఊరంతా పచ్చబడ్డప్పుడు, ఆ కండువాతో జీపు దిగి చేతులు జోడించుకుంటూ వచ్చాడు. అదే చెల్లె పిలుపు, అదే కష్టజీవి మాట. అత్త ఆయనకు నీళ్లిచ్చింది, పీట వెయ్యలేదు. ఆ ఓటు నేను ఎవరికి వేశానో మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన ఎన్ని రకాలుగా అడిగినా ఇప్పటికీ చెప్పను.

తమ్ముడు మాత్రం ఒక పని పెట్టుకున్నాడు. ఆ కుర్రాళ్లు జమానతు దొరికి బయటికొచ్చాక, వాయిదా ఉన్న ప్రతిసారీ వాడూ కోర్టుకు పోయేవాడు. వాడి మీద కేసు లేదు, ఎవరూ రమ్మనలేదు. బయట నిలబడేవాడు, వాళ్లకు సద్ది మోసుకుపోయేవాడు. మొదట్లో వాళ్లు ఆ డబ్బాలు ముట్టలేదు, తెచ్చినట్టే ఇంటికి వచ్చేవి. నేను మారు మాట లేకుండా మళ్లీ కట్టిచ్చేదాన్ని. ఏ వాయిదాకు మొదలైందో తెలియదు, ఒకసారి డబ్బాలు ఖాళీగా వచ్చాయి.

కేసు కొన్నేళ్లు నడిచి సాక్షులు నిలబడక కొట్టేశారు. ఆ రోజు వదినెతో నేనూ కోర్టుకు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు కుర్రాళ్లంతా ముందు పోతున్నారు, వదినె తన కొడుకు చెయ్యి వదలకుండా నడుస్తోంది. తమ్ముడు నాతో వెనక నడుస్తూ, ఎన్నాళ్ల నుంచో నమిలి ఉంచుకున్న మాట అడిగాడు.

"అక్కా, నీ అనుమానం తప్పయి ఉంటే? ఆయన నిజమైనోడే అయి ఉంటే?"

"నిజమైనోడైతె తాళం కాడికి ఆయనే పోతుండె. నువ్వు ఆయన పక్కన ఉంటుంటివి," అన్నాను. "నువ్వే లోపటుంటుంటివి. నేను ఆ వదినె లెక్క తిరుగుతుంటి."

"బాధ కాకపోవునా నీకు?"

"ఎందుకు గాదు? గని నిన్ను ముందటికి తోలి ఎనక నిలబడ్డడని ఏడ్వకపోదును."

నాలుగడుగులు నడిచాం. తర్వాత, "నీది గూడ ఏదో ఓ పార్టే అక్కా," అన్నాడు. "ఏ జెండనో సమజైతలేదు గని." వెక్కిరించాడా, ఒప్పుకున్నాడా, వాడి ముఖంలో నాకు దొరకలేదు. ముందు పోతున్న కుర్రాళ్లు చాయ్ బండి దగ్గర ఆగి వాణ్ని కేకేశారు. వాడు నా పక్క నుంచి గబగబా పోయి వాళ్ల మధ్యన నిలబడ్డాడు. వదినె కొడుకు తన చేతిలోని చాయ్ గ్లాసు వాడికి అందించి, ఇంకోటి తెమ్మని బండివాడికి చెప్పాడు.